కొర్రలు తింటే షుగర్ గోలీలు ఆపొచ్చా? పాతబస్తీ కిచిడీతో ఒక లెక్క

కొర్రల వీడియో పెట్టిన ప్రతిసారీ పాతబస్తీ నుంచి ఇదే ప్రశ్న: "భాయ్, కొర్రలు మొదలుపెట్టినం, గోలీలు బంద్ చేయొచ్చా?" చేయొద్దు. డాక్టర్‌ను అడగకుండా ఒక్క గోలీ కూడా ఆపొద్దు.

నేను కొర్రలు పండించేవాడినే, తినమని చెప్పేవాడినే. కానీ కొర్రలు మందు కాదు, వాటిలోనూ ఉండేది ఎక్కువగా పిండి పదార్థమే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టిక చూస్తే 100 గ్రాముల తెల్ల బియ్యంలో అది సుమారు 78 గ్రాములు, కొర్రల్లో 61. "కొర్రలే కదా" అని రెండు ప్లేట్లు లాగిస్తే ఆ తేడా అక్కడే పోయింది. కొర్రల్లో పీచు ఎక్కువ, అందుకే చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. మెత్తగా పిండి పట్టించి జావ కాస్తే ఆ లాభం తగ్గుతుంది. జావ కంటే ఉడికిన గింజే నయం.

పాతబస్తీలో పొద్దున టిఫిన్ అంటే కిచిడీ, ఖట్టా, ఖీమా. మానక్కర్లేదు. బియ్యం బదులు కొర్రలు వేసి, ఎర్రపప్పు కాస్త పెంచండి (కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్‌ను అడిగాకే). మనిషికి 40-50 గ్రాముల కొర్రలు చాలు, రాత్రే నానబెట్టాలి. ప్లేట్‌లో సగం కూరగాయలుండాలి. మీరాలం మండీ దగ్గరుండగా ఆకుకూరకు కరువేంటి? ముందు కూర, ఖీమా తిని, కిచిడీ చివర్లో తింటే తిన్నాక షుగర్ అంతగా ఎగబాకదు.

అసలు దొంగ చాయ్. రోజుకు నాలుగు ఇరానీ చాయ్‌లు, ఒక్కోదానికి రెండు చెంచాల చక్కెర అనుకున్నా 30 గ్రాములు దాటింది. ఉస్మానియా బిస్కెట్ల లెక్క వేరే! బెల్లం వేసినా అంతే. బెల్లం వండే రైతు సోదరులు నా మీద కోపం చేసుకోవద్దు.

నా మాట నమ్మక్కర్లేదు, గ్లూకోమీటర్‌తో చూసుకోండి. ఒకరోజు బియ్యం కిచిడీ, మరోరోజు అంతే కొర్ర కిచిడీ తిని, రెండు గంటలకు పరీక్ష చేయండి. ఆ అంకెలు డాక్టర్‌కు చూపిస్తే గోలీ తగ్గించాలో లేదో ఆయన చెబుతారు. గోలీలు, ఇన్సులిన్ వాడుతూ ఒక్కసారిగా తిండి తగ్గిస్తే షుగర్ 70 కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. రంజాన్‌లో రోజా ఉండేవాళ్లు నెల ముందే డాక్టర్‌ను కలవండి, గోలీల వేళలు, మోతాదు మార్చాల్సి రావచ్చు.

కొర్ర కిచిడీ, నువ్వుల ఖట్టా చేసే విధానం కింది వీడియోలో ఉంది.