మల్టీటూల్ నిర్మాణం: నిత్య వినియోగం, భారీ వినియోగం

1. పరిచయం

ఒకే పిడిలో అనేక పనిముట్లు ఇమిడి ఉంటే దానిని మల్టీటూల్ అంటారు. ఈ ఆలోచన మనకు కొత్త కాదు. కత్తిపీట కొసకు కొబ్బరి కోరు అమర్చడం తెలుగువారి వంటిళ్లలో ఉన్నదే. ఈ భాగంలో జేబులో పట్టే మల్టీటూల్ నమూనాలను పోల్చి, ఏ పనికి ఏది తగునో తెలుసుకుందాం.

2. రెండు మూల నమూనాలు

కార్ల్ ఎల్సెనర్ 1884లో స్విట్జర్లాండ్‌లో ప్రారంభించిన కార్ఖానా 1891లో ఆ దేశ సైన్యానికి మడత కత్తులు అందించింది. నేటి విక్టోరినాక్స్ సంస్థకు అదే మూలం. ఈ నమూనాలో కత్తి ప్రధానం. అమెరికాకు చెందిన టిమ్ లెదర్‌మన్ 1983లో మార్కెట్‌లోకి తెచ్చిన నమూనాలో ప్లయర్ ప్రధానం. మిగిలిన పనిముట్లు దాని బోలు పిడులలో ముడుచుకొని ఉంటాయి.

బరువులో తేడా గమనించండి. విక్టోరినాక్స్ స్పార్టన్ సుమారు 60 గ్రాములు, లెదర్‌మన్ వేవ్ సుమారు 240 గ్రాములు, భారీ పనులకు ఉద్దేశించిన సర్జ్ సుమారు 355 గ్రాములు ఉంటాయి.

3. బరువు ఎందుకు పెరుగుతుంది?

ప్లయర్ మొదటి తరగతి లీవరు. కీలు సీల దానికి ఆధారం. సీల నుంచి 80 మి.మీ. దూరంలో పిడులను 100 న్యూటన్ల బలంతో నొక్కితే, 20 మి.మీ. దూరంలో ఉన్న తీగపై 400 న్యూటన్ల బలం పడుతుంది. పిడి 100 మి.మీ. ఉంటే అది 500 న్యూటన్లు అవుతుంది. అయితే ఈ రెండు బలాల మొత్తాన్ని సీలే భరించాలి: మొదటి సందర్భంలో 500, రెండవ సందర్భంలో 600 న్యూటన్లు. అందువల్ల పిడి పొడవు పెంచితే సీల మందం, దవడల వెడల్పు కూడా పెంచక తప్పదు.

4. లాక్ ప్రాధాన్యం

స్పార్టన్ వంటి చిన్న కత్తులలో బ్లేడును స్ప్రింగు మాత్రమే నిలుపుతుంది. వెన్నువైపు ఒత్తిడి పడితే బ్లేడు వేళ్లపైకి ముడుచుకుంటుంది. బలంగా పొడిచే, మెలితిప్పే పనులకు లాక్ ఉన్న నమూనాయే వాడాలి.

5. ఎంపిక

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా కుట్టు విప్పడానికి 60 గ్రాముల కత్తి చాలు. రోజంతా జేబులో ఉన్నా భారం అనిపించదు. తీగలు వంచడం, కత్తిరించడం రోజువారీ పని అయినవారికి ప్లయర్ నమూనా అవసరం. కాజీపేట లోకో షెడ్డులో బోల్టులు విప్పే పనికి మాత్రం ఎంత భారీ మల్టీటూల్ కూడా సరిపోదు. ప్లయర్ దవడలు జారి నట్టు అంచులు అరిగిపోతాయి. అక్కడ స్పానరే సరైన సాధనం.

6. ముఖ్య హెచ్చరిక

ఉక్కు పిడుల మల్టీటూల్‌కు విద్యుత్ బంధనం ఉండదు. బావి మోటారు స్టార్టర్ డబ్బాలో దానిని వాడితే ప్రాణాపాయం. ముందు సరఫరా నిలిపివేసి, ఇన్సులేషన్ ఉన్న పనిముట్లనే వాడాలి.

7. సారాంశం

తేలికదనం, బలం రెండూ ఒకే పనిముట్టులో పూర్తిగా లభించవు. పనిముట్ల సంఖ్యను కాక, మీరు తరచుగా చేసే పనిని బట్టి ఎంచుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కత్తి ప్రధాన, ప్లయర్ ప్రధాన నమూనాల భేదాలను తెలపండి.
2. పిడి వైపు 100 మి.మీ., దవడ వైపు 25 మి.మీ. దూరాలు ఉన్న ప్లయర్‌ను 80 న్యూటన్లతో నొక్కితే సీలపై పడే బలం ఎంత? (జవాబు: 400 న్యూటన్లు)