ఇంజను వెనుక సీలు కారుతున్నప్పుడు

పాల వ్యాను ఉన్న సంఘాలకు తనిఖీకి వెళ్ళినప్పుడు మేము డీజిలు ఓచర్ల కంటే ముందు ఇంజను ఆయిలు ఓచర్లు చూస్తాము. డీజిలు ఖర్చు రూటును బట్టి మారుతుంది. రూటు మారకుండా ఆయిలు ఖర్చు నెలనెలా పెరుగుతున్నదంటే ఇంజను ఆయిలును కాల్చివేస్తూనైనా ఉండాలి, కార్చివేస్తూనైనా ఉండాలి.

మొగల్తూరు ప్రాంతంలోని ఒక సంఘంలో మాకు ఇటువంటి ఓచర్లే కనిపించాయి. పాలకవర్గం వారు కారణం కూడా తామే తేల్చేశారు, డ్రైవరు ఆయిలు అమ్ముకుంటున్నాడని. మినిట్సు పుస్తకంలో తీర్మానం రాసుకుని అతని జీతంలో నెలకు కొంత చొప్పున కోత వేస్తున్నారు. మేము షెడ్డులోకి వెళ్ళి చూస్తే వ్యాను కింద, ఇంజనూ గేరుబాక్సూ కలిసేచోట, నేలమీద ఊక పోసి ఉంది. ఊక నల్లగా ముద్ద కట్టింది. "ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదండీ" అన్నాడు డ్రైవరు.

బొట్టే కదా అనిపిస్తుంది. సుమారు 20 బొట్లయితే ఒక మిల్లీలీటరు. నిమిషానికి ఒక్క బొట్టు కారినా రోజుకు 72 మిల్లీలీటర్లు, నెలకు రెండు లీటర్ల పైమాట. ఇంజను తిరుగుతున్నప్పుడు కారేది అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఇంజను లోపల తిరిగే క్రాంక్ షాఫ్టు వెనుక చివర బయటికి వచ్చి ఫ్లయ్ వీలును మోస్తుంది. షాఫ్టు లోపలి భాగం ఆయిలులో తడుస్తూ ఉండాలి, ఫ్లయ్ వీలు వైపు మాత్రం పొడిగా ఉండాలి. ఈ రెంటికీ నడుమ ఉండేదే వెనుక ఆయిలు సీలు. పాత ఇంజన్లలో ఇది గ్రాఫైటు పట్టించిన తాడు, రెండు ముక్కలుగా ఉండేది. ఆ తాళ్ళలో చాలావాటికి ఆస్బెస్టాసు ఉండేది. అటువంటిది విప్పితే పొడిగా గీకరాదు, గాలితో ఊదరాదు, తడిపి తీయాలి. తరువాతి ఇంజన్లలో వచ్చినది రబ్బరు అంచున సన్నని స్ప్రింగు చుట్టిన రింగు. ఆ అంచును మేస్త్రీలు లిప్పు అంటారు. వేడికి లిప్పు గట్టిపడినా, షాఫ్టు మీద గాడి పడినా ఆయిలు బయటికి వస్తుంది.

అయితే అక్కడ కారే ప్రతి ఆయిలూ సీలుదే కాదు. పైన టాపెట్ కవరు ప్యాకింగు కారినా, ఆయిలు ప్రెషరు స్విచ్చి కారినా ఆ ఆయిలు ఇంజను వెనుకగా జారి సరిగ్గా అక్కడికే చేరుతుంది. గేరుబాక్సు ముందు సీలు కారితే వచ్చేది గేరు ఆయిలు, దానికి గంధకం వాసన ఉంటుంది. డీజిలు ఇంజను ఆయిలు నల్లగా ఉంటుంది. అందుచేత ముందు ఇంజనును కిరసనాయిలుతో కడిగించి, తుడిపించి, సుద్దపొడి చల్లి, కొంతసేపు తిప్పించి చూడండి. తడి గీత ఏ ఎత్తున మొదలయిందో అక్కడే లోపం.

బ్రీదరు గొట్టాన్ని కూడా అప్పుడే చూడాలి. మేము చూసిన సంఘంలో అంతకు ముందే ఒకసారి సీలు మార్చారట, నెల తిరక్కుండా మళ్ళీ కారిందట. బ్రీదరు విప్పిస్తే తారులాంటి మడ్డి దాన్ని పూర్తిగా మూసేసి ఉంది. పిస్టన్ల పక్కనుంచి క్రాంకు కేసులోకి దిగే వాయువు పోవడానికి దారి లేక, ఆయిలును సీలు గుండా నెట్టివేస్తున్నది. బ్రీదరు శుభ్రం చేసినా ఆయిలు పోసే మూత దగ్గర పొగ బలంగా ఎగజిమ్ముతుంటే రింగులు అరిగాయన్నమాట. అప్పుడు ఒక్క సీలు మార్చి ప్రయోజనం లేదు.

సీలు ఖరీదు స్వల్పం. దాన్ని అందుకోవడానికి గేరుబాక్సు, క్లచ్చి, ఫ్లయ్ వీలు దించే కూలే ఎక్కువ. సముద్రపు గాలికి మన ప్రాంతంలో బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి కనుక ముందురోజు రాత్రే వాటికి ఆయిలు పట్టించి ఉంచాలి. గేరుబాక్సు దించేముందు ఇంజను కింద జాకీ పెట్టించండి. ఫ్లయ్ వీలు ఏ స్థానంలో ఉన్నదో గుర్తు పెట్టించండి. పాత సీలు ఎంత లోతున ఉన్నదో కొలిచి రాసుకున్న తరువాతే పీకాలి. స్క్రూడ్రైవరుతో పెళ్ళగించేటప్పుడు షాఫ్టు మీద గీత పడితే కొత్త సీలూ కారుతుంది. గోటితో షాఫ్టును తడిమి చూడాలి. గోరు గాడిలో పట్టుకుంటే పలుచని స్లీవు తొడిగించాలి; సీలు గూడులో చోటుంటే కొత్త సీలును రెండు మూడు మిల్లీమీటర్లు జరిపి, లిప్పు గాడి లేనిచోట ఆనేటట్లు కూర్చోబెట్టవచ్చు.

స్ప్రింగు ఉన్న వైపు ఇంజను లోపలికి ఉండాలి. రబ్బరు లిప్పుకు ఆయిలు రాయాలి, టెఫ్లాను లిప్పయితే రాయకూడదు, పొడిగానే ఎక్కించాలి. సుత్తితో ఒక పక్క కొట్టకుండా, సీలంత వెడల్పు గొట్టం ఆనించి చుట్టూ సమానంగా దించాలి. కొన్ని ఇంజన్లలో ఫ్లయ్ వీలు బోల్టు రంధ్రాలు క్రాంకు కేసులోకి తెరుచుకుని ఉంటాయి. వాటి మరలకు సీలెంటు పూయకపోతే అక్కడినుంచి కారి, నింద సీలు మీద పడుతుంది. బోల్టులను ఎదురెదురుగా, కంపెనీ పుస్తకంలో చెప్పినంత బిగువుతో, టార్కు రెంచితో బిగించాలి.

మూడు కొటేషన్లు తీసుకుని తక్కువది ఆమోదించమని సంఘాలకు నేర్పినవాళ్ళం మేమే. కాని ఇక్కడ తక్కువ కొటేషనులో క్లచ్ ప్లేటు లేదు. ఆయిలు పీల్చిన ప్లేటును కడిగి మళ్ళీ వేస్తే డెల్టాలోని చదును రోడ్డు మీద బాగానే నడుస్తుంది. కాలువ వంతెన ఎక్కేటప్పుడు మాత్రం ఇంజను అరుస్తుంది, బండి కదలదు. పితికినప్పుడు పాలు సుమారు 37 డిగ్రీల వేడిన ఉంటాయి. వాటిని 4 డిగ్రీలకు దించేందుకు తీసుకుపోతున్న వ్యాను వంతెన మీద గంటసేపు నిలిచిపోతే, పులిసిన క్యాన్ల నష్టం ప్లేటు ఖరీదును మించుతుంది. ఆ రోజు పాలు పోసిన రైతులకు సమాధానం చెప్పవలసినది కార్యదర్శే. కనుక గేరుబాక్సు దించినప్పుడే ప్లేటూ చూడాలి, రిలీజు బేరింగూ చూడాలి. గేదెల పాలు తగ్గే ఎండాకాలంలో, అద్దె వ్యాను ముందుగా మాట్లాడుకుని ఈ పని పెట్టుకుంటే మేలు.

ఆ సంఘం వారు అలాగే చేశారు. మరుసటి తనిఖీకి వెళ్ళేసరికి వ్యాను కింద ఊక లేదు, పాత వార్తాపత్రిక ఒకటి పరిచి ఉంది, దాని మీద మరక లేదు. పాత తీర్మానాన్ని రద్దుచేస్తూ మరొక తీర్మానం రాశారు. జీతంలో పట్టుకున్న మొత్తం డ్రైవరుకు తిరిగి చెల్లించిన ఓచరు మీద అతని సంతకం మేము చూసి, ఆ పద్దు పక్కన టిక్కు పెట్టాము.