విశాఖ టు విజయవాడ ఫ్లైట్: దూరం ఎంత? నిజంగా పట్టే టైమ్ ఎంత?

మధ్యాహ్నం రెండింటికి విజయవాడలో మీకు ఇంటర్వ్యూ ఉందనుకోండి. మీరేమో వైజాగ్‌లో ఉన్నారు. ఫోన్‌లో చూస్తే ఫ్లైట్ గంటే అని కనిపిస్తుంది. మరి ఆ గంటని నమ్మొచ్చా? ఈరోజు లెక్కేసి చూద్దాం.

ముందు దూరం. రోడ్డు మీదైతే సుమారు 350 కిలోమీటర్లు. విశాఖ ఎయిర్‌పోర్ట్ నుంచి గన్నవరం ఎయిర్‌పోర్ట్‌కి మ్యాప్‌లో తిన్నగా గీత గీస్తే సుమారు 290. మీరే చెక్ చేసుకోవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో ఒక ఎయిర్‌పోర్ట్ మీద కాసేపు నొక్కి పట్టుకుని, మెజర్ డిస్టెన్స్ ఎంచుకుని, రెండోదాని దాకా జరపండి.

ఈ రూట్‌లాంటి చిన్న దూరాలకి వాడే ఏటీఆర్ 72 విమానం గంటకి దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. ఆ లెక్కన 290కి 35 నిమిషాలు చాలు. మరి టికెట్ మీద గంట ఎందుకు? ఎందుకంటే ఆ టైమ్ గాల్లో ఉన్నంతసేపు మాత్రమే కాదు. విమానం నిలిపిన చోటు నుంచి కదిలిన దగ్గర్నుంచి, అవతల మళ్లీ ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా నడవడం, పైకెక్కడం, గాలికి ఎదురుగా దిగడానికి చుట్టు తిరగడం, అన్నీ అందులోనే.

ఇప్పుడు ఇంటి నుంచి లెక్కేద్దాం. ఎయిర్‌పోర్ట్‌కి ముప్పావు గంట. చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు కాబట్టి, గంటన్నర ముందే అక్కడ ఉండాలి. ఫ్లైట్ గంట. బయటికి రావడానికి ఇరవై నిమిషాలు. గన్నవరం నుంచి సిటీలోకి ఇంకో ముప్పావు గంట. మొత్తం నాలుగు గంటల ఇరవై నిమిషాలు!

అదే 2023 జనవరిలో మొదలైన విశాఖ - సికింద్రాబాద్ వందేభారత్ అయితే? తెల్లవారుజామున బయల్దేరి సుమారు నాలుగు గంటల్లో బెజవాడ సిటీ మధ్యలోనే దింపేస్తుంది. స్టేషన్‌కి వెళ్లే టైమ్ కలుపుకున్నా ఇంచుమించు సమానమే.

ఇంకో ముఖ్యమైన విషయం. డైరెక్ట్ ఫ్లైట్ మీకు కావాల్సిన రోజున, కావాల్సిన టైమ్‌కి ఉండకపోవచ్చు. అప్పుడు యాప్ ‘వన్ స్టాప్’ అని హైదరాబాద్ మీదుగా చూపిస్తుంది. విశాఖ నుంచి శంషాబాద్ సుమారు 510, అక్కడి నుంచి గన్నవరం మరో 265. అంటే 290 కాస్తా 775 అయింది! పైగా మధ్యలో వెయిటింగ్. విజయవాడ వెళ్లడానికి విజయవాడ దాటి పోయి, మళ్లీ వెనక్కి రావడమన్నమాట.

కాబట్టి డబ్బు కట్టేముందు మూడు చూడండి: డైరెక్టా కాదా, మొత్తం ప్రయాణ సమయం ఎంత, దిగాక సిటీకి ఎంత దూరం. ఇంటర్వ్యూ ఉదయమే ఉంటే మాత్రం, ఏది ఎక్కినా సరే, ముందు రోజే వెళ్లిపోండి.

మీ ఊరి నుంచి ఏ రూట్ లెక్క కావాలో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం!