పంచుకొన్నను తరుగని పాఠములు

సస్యశాస్త్ర బోధనలో విశ్వవిద్యాలయములు చేతులు కలుపవలసిన ఆవశ్యకత

పంచుకొనుట యను మాటకు మన భాషలో రెండు తీరుల అర్థము కలదు. అన్నదమ్ములు పొలము పంచుకొన్నచో ఎవరి చెక్క వారికి చిన్నదగును. ఇరుగుపొరుగువారు నిప్పు పంచుకొన్నచో ఎవరి పొయ్యియు చల్లారదు. 2014లో రాష్ట్రము రెండైనప్పుడు భవనములు, నిధులు, సిబ్బంది మొదటి తీరున పంచబడినవి. అది అనివార్యము. కాని నిప్పు వలె పంచుకొనదగిన పాఠములు సైతము ఆ వేటుతోనే తెగి వేరుపడినవి. ఒక విశ్వవిద్యాలయమున చెప్పబడు సస్యశాస్త్ర పాఠమును వేరొక విశ్వవిద్యాలయపు విద్యార్థి ఆన్‌లైనులో విని, పరీక్ష వ్రాసి, ఆ ఫలితమును తన పట్టమునకు చేర్చుకొనుట నేడు సుసాధ్యము. యంత్రసాధనములు సిద్ధముగా నున్నవి. సిద్ధము కావలసినవి మన యేర్పాటులే.

పూర్వస్థితిని ఒకమారు స్మరింతము. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము 1964 జూన్ 12వ తేదీన రాజేంద్రనగరమున స్థాపింపబడెను. అంతకు మునుపే, 1945లో, బాపట్ల వ్యవసాయ కళాశాల వెలసియుండెను. 1996లో ఆ విశ్వవిద్యాలయమునకు ఆచార్య ఎన్. జి. రంగా పేరు పెట్టబడినది. 2007లో వెంకటరామన్నగూడెమున ఉద్యాన విశ్వవిద్యాలయము వేరుగా ఏర్పడినది. 2014 తరువాత రాజేంద్రనగరమున ఆచార్య జయశంకర్ పేర, సిద్దిపేట ప్రాంతపు ములుగులో కొండా లక్ష్మణ్ పేర రెండు సంస్థలు నెలకొనగా, రంగా విశ్వవిద్యాలయము గుంటూరు చెంత లాం గ్రామమునకు తరలినది. పశువైద్య విద్యను లెక్కింపకున్నను, ఒక్క సంస్థ యుండిన చోట నేడు నాలుగు కలవు. సంస్థలు పెరుగుట తప్పు గాదు. ప్రాంతప్రాంతమునకు విద్య చేరువైనది. అయితే ఒక గోడలోపల నుండిన అధ్యాపకులు నాలుగు గోడలకు చెదరిరి. ఆ గోడలకు కిటికీలు మాత్రము అమరలేదు.

ఇతర శాస్త్రములకంటె సస్యశాస్త్రమునకు ఈ లోటు మిక్కిలి బాధాకరము. గణితమునకు ఊరు లేదు. మొక్కకు ఊరు కలదు, నేల కలదు, ఋతువు కలదు. అందుచేతనే పరిశోధనాస్థానములు పంటను బట్టి, నేలను బట్టి నెలకొల్పబడినవి. వరి యన్న మార్టేరు, మిరప, ప్రత్తి యన్న లాం, వేరుసెనగ యన్న తిరుపతి, చెరకు అన్న అనకాపల్లి, ఆముదము, జొన్న యన్న పాలెం, మామిడి యన్న సంగారెడ్డి, కొబ్బరి యన్న అంబాజీపేట, అరటి యన్న కొవ్వూరు తలపునకు వచ్చును. ఈ స్థానములలో ఒక్కొక్క పంటను ముప్పదియేండ్లు కనిపెట్టి చూచిన శాస్త్రజ్ఞులు కలరు. జగిత్యాలలో చదువుచున్న బాలుడు అంబాజీపేట వారి నోట కొబ్బరి తెగుళ్ళ సంగతి వినునా? బాపట్లలో చదువుచున్న బాలిక పాలెం వారి నోట మెట్టపైరుల మర్మము తెలిసికొనునా? ఎవరి కళాశాలలో ఎవరు దొరికిన వారి పాఠమే వారికి ప్రాప్తి.

పరిశోధన మాత్రము ఈ హద్దులను ఎన్నడో దాటినది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయిన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, తెలుగువారి పళ్ళెములలోనికే గాక దేశమునందు అనేక ప్రాంతములకు ప్రాకినది. అన్నము మేలైనదే గాని, ఆ వరికి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొను శక్తి లేకపోయెను. హైదరాబాదునందలి వరి పరిశోధన సంస్థయు, కణ, అణు జీవశాస్త్ర కేంద్రమును కలిసి తెగులును ఎదుర్కొను మూడు జన్యువులను గింజ గుణము చెడకుండ అందులో చేర్చినవి. మెరుగుపరచిన ఆ సాంబ మసూరి 2008లో రైతులకు విడుదలయ్యెను. ఆ వంగడమునకు బాపట్ల పుట్టినిల్లు, హైదరాబాదు మెట్టినిల్లు. ఈ కథను చక్కగా గ్రహింపగోరు విద్యార్థి సంకరణశాస్త్రమును, తెగుళ్ళ శాస్త్రమును, అణుజీవశాస్త్రమును ఆయా పనులు చేసినవారి నోట వినవలెను. ఆ మూడింటి నిపుణులు ఒక్క కళాశాలలో సమకూడుట అరుదు. పాఠములు కలిసినచో ముగ్గురు గురువులు ఒక్క విద్యార్థికి దక్కుదురు.

తెగుళ్ళకును, పురుగులకును రాష్ట్రముల సరిహద్దు తెలియదు. 2018లో కర్ణాటకమున మొక్కజొన్నపై తొలుత కనిపించిన కత్తెర పురుగు ఆ యేడే తెలుగు నేలకు వ్యాపించినది. 2021లో క్రొత్తజాతి తామర పురుగు మిరపతోటలపై విరుచుకుపడినప్పుడు గుంటూరు రైతు ఏడ్చినాడు, ఖమ్మము రైతు ఏడ్చినాడు. పుస్తకములలో ఆ పురుగు పేరు ఎక్కుటకు సంవత్సరములు పట్టును. లాం తోటలో దానిని కన్నులార చూచినవారి పాఠము వారము దినములలో అన్ని కళాశాలలకు చేరుట కష్టమా? మరునాడు రైతు ముంగిట నిలువవలసిన పట్టభద్రులు వీరే గదా! వీరికి పాఠము ఆలస్యమైనచో రైతుకు మందు ఆలస్యమగును. మందు ఆలస్యమైన చోట అప్పు ముందుగా వచ్చును.

పరదేశములలో ఈ విషయమున ఏమి జరుగుచున్నదో చూతము. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయము మనకు క్రొత్తది గాదు. రాజేంద్రనగరపు విశ్వవిద్యాలయము శైశవదశలో నున్నప్పుడు తన ఆచార్యులను ఇచటికి పంపి, మనవారిని అచటికి పిలిపించుకొని తోడ్పడినది ఆ సంస్థయే. నాడు పాఠము రావలెనన్న ఆచార్యుడు సముద్రము దాటవలసియుండెను. 1990ల దశకమున అదే కాన్సాస్ సంస్థ, తన చుట్టుపట్ల మహామైదాన ప్రాంతమునందలి విశ్వవిద్యాలయములతో కలిసి, దూరవిద్యకు ఒక కూటమి నేర్పరచుకొన్నది. గ్రేట్ ప్లెయిన్స్ ఐడియా యనునది దాని పేరు. పచ్చికబయళ్ళ సంరక్షణము, ఉద్యానశాస్త్రము మొదలగు విషయములు అందు బోధింపబడినవి.

ఆ కూటమి నియమములు మనము గమనింపదగినవి. విద్యార్థి తన యింటి విశ్వవిద్యాలయమునందే చేరును. పట్టము అదియే ఇచ్చును. పాఠము ఏ సంస్థకు చెందినదైనను రుసుము ఒక్కటే. వసూలయిన రుసుములో బోధించిన సంస్థకు ఒక పాలు, విద్యార్థిని చేర్చుకొన్న సంస్థకు ఒక పాలు లభించును. కాన ఇతరుల విద్యార్థికి చెప్పినందువలన నష్టము లేదు. తన విద్యార్థిని ఇతరుల కడకు పంపినందువలన అవమానము లేదు. ప్రతి సంస్థయు అన్ని విషయములకును ఆచార్యులను నియమింపలేక, ఉన్న విషయములనే మూసివేయవలసిన దుస్థితి తప్పిపోవును. సహకార సంఘముల మర్మము ఎరిగిన మన రైతులకు ఈ లెక్క నిమిషములో బోధపడును.

ఆఫ్రికా ఉదాహరణము ఇంకను ఆలోచింపదగినది. అమెరికాలోని అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయము, యుగాండాలోని మకెరెరే, ఘానాలోని క్వామే ఎన్‌క్రుమా, దక్షిణాఫ్రికాలోని క్వాజులు నటాల్ విశ్వవిద్యాలయములతో కలిసి సస్యసంకరణ శాస్త్రమునకు ఎలక్ట్రానిక్ పాఠములు తయారుచేసినది. వ్యయమును గేట్స్ ఫౌండేషను భరించినది. 2023లో ఆ పాఠములు అందరు ఉచితముగా చదువుకొనదగిన గ్రంథములుగా వెలువడినవి. ఆఫ్రికాకు కావలసిన సంకరణ శాస్త్రజ్ఞులు ఆఫ్రికాలోనే, అచటి పంటలతోనే తయారు కావలెనన్నది ఈ యుద్యమపు మూలసూత్రము. పరదేశపు పాఠము వచ్చినను చేను తమదే.

మన దేశము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. జాతీయ వ్యవసాయ నవ్యతా పథకము క్రింద 2014కు పూర్వమే వ్యవసాయ విశ్వవిద్యాలయములు విషయములను తమలో పంచుకొని ఎలక్ట్రానిక్ పాఠములు సిద్ధపరచినవి. 2017 జూలై 9న స్వయం అను జాతీయ వేదిక ప్రారంభమయ్యెను. దాని పాఠములకు విశ్వవిద్యాలయములు క్రెడిట్లు ఇయ్యవచ్చునని 2016లోనే విశ్వవిద్యాలయ నిధుల సంఘము నిబంధన చేసెను. నూటికి ఇరువదిగా నుండిన పరిమితి 2021లో నలుబదికి పెరిగినది. అదే సంవత్సరము క్రెడిట్ల నిధి వెలసినది. వ్యవసాయ విద్యకు వేరొక సౌకర్యము కూడ కలదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి నియమించిన డీనుల సంఘములు దేశమంతటికి ఒకే రీతి పాఠ్యప్రణాళికను నిర్ణయించుచు వచ్చినవి. పాఠముల పేర్లు, పరిమాణములు ఇంచుమించు అన్నిచోట్ల సమానములే. ఒకచోటి పాఠము మరియొకచోట అతుకుటకు ఇంతకంటె అనుకూలమేమి?

అయినను స్వయం వంటి వేదిక వేరు, విశ్వవిద్యాలయముల పరస్పర వినిమయము వేరు. మొదటిది చెరువునుండి కాలువ. నీరు ఒకే దిక్కున పారును. రెండవది బదులు, ఇచ్చినవాడు పుచ్చుకొనును, పుచ్చుకొన్నవాడు ఇచ్చును. ఢిల్లీనుండియో ఖరగ్‌పూరునుండియో వచ్చు పాఠము ఎంత గొప్పదైనను, రాయలసీమ ఎఱ్ఱనేలలో వేరుసెనగ ఊడ దిగు వేళ వాన వెనుదీసినచో ఏమి చేయవలెనో చెప్పజాలదు. శేషాచలమున పుట్టి పెరుగు ఎఱ్ఱచందనమునుగూర్చి తిరుపతివారు చెప్పినట్లు ఇతరులు చెప్పగలరా? పుచ్చుకొనుటయే నేర్చి ఇచ్చుట మరచినచో, మన పరిశోధనాస్థానములు గడించిన జ్ఞానము ఆ స్థానములలోనే ముదిసి, ఆ శాస్త్రజ్ఞులతో పాటు ఉద్యోగ విరమణ చేయును. ఈ నష్టము ఏ జమాఖర్చులోను కనబడదు.

ఇక హెచ్చరింపవలసిన విషయములు రెండు కలవు. పొరుగు విశ్వవిద్యాలయపు పాఠము ఆన్‌లైనులో వచ్చుచున్నది గాన మాకు అధ్యాపకుడు అక్కరలేదని ప్రభుత్వములు పలుకుటకు ఇది సాకు కారాదు. పాఠము వినిపించునది యంత్రమైనను, వినినదానిని ప్రశ్నించి సరిదిద్దువాడు చెంత నుండవలెను. ఖాళీలు నింపకుండుటకు ఈ పద్ధతిని వాడుకొన్ననాడు ఇచ్చువారే కరవై, పంచుకొనుటకు ఏమియు మిగులదు. నిప్పు పంచుకొనవలెనన్న ఒక పొయ్యియైనను వెలుగుచుండవలెను గదా!

రెండవది ప్రయోగవిద్య. ఆకును త్రుంచి చూడకుండ, వేరును కడిగి చూడకుండ, బురదలో దిగకుండ సస్యశాస్త్రము అబ్బదు. తెరమీది బొమ్మలో మచ్చ కనబడును. ఆ మచ్చ తెగులుదో, పోషక లోపముదో, ఎండదెబ్బదో తెలియుటకు చేయియు కన్నును కలసి పనిచేయవలెను. వ్యవసాయ పట్టపు తుది సంవత్సరమున విద్యార్థులు పల్లెలలో రైతుల చెంత నుండి నేర్చుకొను ఏర్పాటు ఈ సత్యమును గుర్తించియే కల్పింపబడినది. కాబట్టి ఉపన్యాసము దూరమునుండి వచ్చినను ప్రయోగము దాపులనే జరుగవలెను. ఏ విశ్వవిద్యాలయపు విద్యార్థికైనను అతని ఊరికి చేరువలో నున్న పరిశోధనాస్థానము తలుపు తెరవవలెను.

భాషనుగూర్చి ఒక్క మాట. పదునెనిమిదవ శతాబ్దము చివర సామర్లకోటలో నుండి కోరమాండల్ తీరపు వృక్షజాతులను వర్ణించిన రాక్స్‌బర్గు ఇచటి జనులనడిగి మొక్కల తెలుగు పేర్లను వ్రాసికొనెను. మన సోమిద చెట్టు పేరు నేటికిని సోయ్‌మిడా అను రూపమున ప్రపంచ వృక్షశాస్త్రమునందు ప్రజాతి నామముగా నిలిచియున్నది. పరదేశీయుడు మన పేర్లను శాస్త్రమునకెక్కింపగా, మన బిడ్డలు శాస్త్రము చదివి ఆ పేర్లను మరచుట తగునా? 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడినది శాస్త్రమును తెలుగునకు తెచ్చుటకే. 1968లో స్థాపితమయిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములను, పారిభాషిక పదములను సమకూర్చినది. రెండు రాష్ట్రములకును ఒకే భాష యుండగా, పంచుకొను పాఠములలో ఆంగ్లముతో పాటు తెలుగు వివరణయు నుండుట న్యాయము. పిలక, పొట్ట, వెన్ను, ఊడ, అంటు, చీడ, తెగులు అను మాటలు తెలియని పట్టభద్రుడు రైతుతో ఏమి మాటలాడును?

కాబట్టి మా సూచన యిది. నాలుగు వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయములును, వృక్షశాస్త్ర శాఖలు గల ఇతర విశ్వవిద్యాలయములును కూర్చుండి ఒక ఒడంబడిక వ్రాసికొనవలెను. తొలియేట పది పాఠములు చాలును. ఒక్కొక్క సంస్థ తనకు మిక్కిలి పట్టున్నదానిని ఇచ్చునుగాక. రుసుము ఒక్కటి గావలెను. పాఠముల వేళలును, పరీక్షల తేదీలును కలిసిరావలెను. ఇతర సంస్థల విద్యార్థులకు చెప్పిన గంటలు అధ్యాపకుని పనిలో లెక్కకు రావలెను; లేనిచో ఎంత ఉదారుడైనను రెండవ యేట వెనుకాడును. ప్రతి పాఠమునకు విద్యార్థి చెంత ఒక స్థానిక సహాయకుడుండవలెను. వీనిలో క్రొత్త చట్టము కోరునది గాని, కోట్ల ధనము కోరునది గాని లేదు. కోరునది సౌమనస్యము మాత్రమే.

కృష్ణా, గోదావరి జలములను గూర్చి మన రెండు ప్రభుత్వములకును వివాదములు కలవు. నీరు ఒకరు వాడిన మరియొకరికి తరుగును గాన ఆ వివాదములను అర్థము చేసికొనవచ్చును. పాఠమునకు ఆ గుణము లేదు. మార్టేరు చెప్పినది జగిత్యాల వినినందున మార్టేరునకు గింజ తరుగదు; పాలెం చెప్పినది అనంతపురము వినినందున పాలెంనకు చుక్క నీరు తగ్గదు. తరుగని దానిని కూడ పంచుకొనలేకపోయిన జాతి, తరుగుదానిని ధర్మముగా ఎట్లు పంచుకొనగలదు? విశ్వవిద్యాలయముల పెద్దలు ఈ ప్రశ్నకు రాబోవు విద్యాసంవత్సరము లోపల క్రియారూపమున సమాధాన మిత్తురుగాక.