స్టెరాయిడ్ మోతాదు తగ్గింపు: లూపస్ చికిత్సలో చివరి ఐదు మిల్లీగ్రాములు

ప్రవేశిక

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం తీవ్రమైన కీళ్లవాతంతో మంచాన పడిన ఒక మహిళకు కార్టిసోన్ ఇంజెక్షన్లు ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండల్, రైఖ్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. అయితే మందు ఆపితే వ్యాధి తిరగబెడుతుందని తొలి రోగులలోనే తేలిపోయింది. 1952లో అంతకంటే కలవరపరిచే నివేదిక వెలువడింది. కార్టిసోన్ వాడిన ఒక కీళ్లవాత రోగి శస్త్రచికిత్స అనంతరం కోలుకోలేని షాక్‌తో మరణించగా, అతని అధివృక్క గ్రంథులు క్షీణించి ఉన్నట్లు శవపరీక్షలో కనిపించింది. ఈ మందును మొదలుపెట్టడం సులభం, మానడమే కష్టం అన్న ఎరుక వైద్యశాస్త్రానికి ఇటువంటి అనుభవాల నుండే కలిగింది. శరీర రక్షణ వ్యవస్థ స్వంత కణజాలంపైనే దాడి చేసే లూపస్ వ్యాధిని ఉదాహరణగా తీసుకొని, ఆ కష్టం ఎక్కడుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

గ్రంథి నిద్ర

మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథిని, పీయూష గ్రంథి అధివృక్క గ్రంథిని ప్రేరేపించగా కార్టిసాల్ ఉత్పత్తి అవుతుంది. రక్తంలో కార్టిసాల్ చాలినంత ఉంటే పై రెండూ తమ ప్రేరణను తగ్గించుకుంటాయి. ప్రెడ్నిసోలోన్ బిళ్లను కూడా ఈ వ్యవస్థ కార్టిసాల్‌గానే లెక్కిస్తుంది. నెలల తరబడి బయటినుండి సరఫరా అందితే, ప్రేరణ లేని అధివృక్క గ్రంథి బాహ్యభాగం కుంచించుకుపోతుంది. మందు ఆపిన మరునాడే అది మేల్కొనదు. కొందరిలో నెలలు, మరికొందరిలో ఏడాదికి పైగా పడుతుంది. మూడు నాలుగు వారాలలోపు వాడినవారికి సాధారణంగా ఈ ఇబ్బంది ఉండదు.

ఆరోగ్యవంతుని శరీరం రోజూ తయారుచేసుకునే కార్టిసాల్ సుమారు 4 నుండి 6 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌కు సమానం. మోతాదు తగ్గింపులోని కీలకమంతా ఈ అంకెలోనే ఉంది. 40 నుండి 35కు దిగినప్పుడు తగ్గేది ఎనిమిదో వంతు మాత్రమే. పైగా శరీర అవసరానికి మించిన మందు ఇంకా చాలా ఉంటుంది. 5 నుండి 2.5కు దిగినప్పుడు సగం పోతుంది, లోటును గ్రంథి స్వయంగా పూడ్చుకోవలసి వస్తుంది. అందుచేతనే పై మోతాదులలో వారానికి 5 మిల్లీగ్రాముల చొప్పున తగ్గించే వైద్యులు, 10 దిగువకు వచ్చాక ఒక్కొక్క మిల్లీగ్రామునే, కొన్ని వారాల వ్యవధితో తగ్గిస్తారు. మన మందుల దుకాణాలలో సాధారణంగా దొరికే 5 మిల్లీగ్రాముల బిళ్లతో ఈ లెక్క కుదరదు. కనుక ఒకరోజు పూర్తి బిళ్ల, మరునాడు సగం వంటి ఉపాయాలు వాడుకలోకి వచ్చాయి.

ఒకే నొప్పి, మూడు కారణాలు

తగ్గింపు దశలో రోగి 'ఒళ్లునొప్పులు, నీరసం' అంటే దానికి మూడు కారణాలు ఉండవచ్చు. లూపస్ తిరగబెట్టి ఉండవచ్చు. అధివృక్క గ్రంథి చాలినంత కార్టిసాల్ ఇవ్వలేకపోతూ ఉండవచ్చు. అప్పుడు వికారం, రక్తపోటు పడిపోవడం, బరువు తగ్గడం తోడవుతాయి. లేదా ఎక్కువ మోతాదుకు అలవాటుపడిన శరీరం, అవసరానికి సరిపడా మందు అందుతున్నా, ఆ తగ్గుదలను ఓర్చుకోలేకపోవచ్చు. మొదటిదానికి వ్యాధి చికిత్సను పెంచాలి, రెండోదానికి హార్మోన్ లోటును భర్తీ చేయాలి, మూడోదానికి తగ్గింపు వేగాన్ని సడలించాలి. మూడింటినీ వ్యాధి విజృంభణగానే భావించి మళ్లీ 20 మిల్లీగ్రాములకు ఎక్కించడం తరచుగా జరిగే పొరపాటు. మూత్రంలో ప్రోటీన్, కాంప్లిమెంట్ స్థాయులు, డీఎన్ఏ ప్రతిదేహాలు లూపస్‌ను గుర్తించడానికి తోడ్పడతాయి. గ్రంథి స్థితిని, ఆనాటి బిళ్ల వేసుకోకముందు ఉదయం చేసే కార్టిసాల్ పరీక్ష తెలుపుతుంది. డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే గ్రంథి కోలుకున్నట్లే. 5 లోపు ఉంటే మందు కొనసాగించి కొన్ని నెలల తరువాత మళ్లీ చూడాలి.

పూర్తిగా మానాలా?

ఇక్కడ ఏకాభిప్రాయం లేదు. ఫ్రాన్స్‌లో జరిగి 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, వ్యాధి అదుపులో ఉండి రోజుకు 5 మిల్లీగ్రాములు వాడుతున్న 124 మంది లూపస్ రోగులను రెండు వర్గాలు చేశారు. ఏడాదిలో మందు మానినవారిలో 27 శాతం మందికి, కొనసాగించినవారిలో 7 శాతం మందికి వ్యాధి తిరగబెట్టింది. కొనసాగింపువాదులకు ఇది బలమైన ఆధారమే. కానీ అందులో మందును ఒక్కసారిగా ఆపారు, క్రమంగా తగ్గించలేదు. పైగా మానినవారిలో అధికసంఖ్యాకులు ఏడాదిపాటు నిలకడగానే ఉన్నారు. ఐరోపా కీళ్లవ్యాధి నిపుణుల సంఘం 2023 సిఫారసులు మధ్యేమార్గాన్ని సూచించాయి: 5 మిల్లీగ్రాములకు మించరాదు, సాధ్యమైతే పూర్తిగా మాన్పించాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ క్రమం తప్పకుండా వాడుతూ, అవసరమైనచోట అజాథియోప్రిన్ లేదా మైకోఫెనోలేట్ తోడుచేస్తేనే అది సాధ్యమని ఈ వ్యాసకర్త భావన. ఆ ఆసరా లేకుండా స్టెరాయిడ్‌ను మాత్రమే తగ్గించడం స్తంభం తీసేసి కప్పు నిలవాలని కోరుకోవడమే.

మన ప్రాంతంలో గమనించవలసినది మరొకటి ఉంది. ఎముకలు గుల్లబారతాయని, మధుమేహం వస్తుందని విని భయపడి మందును ఒక్కరోజులో మానేసేవారున్నారు. ఆ భయాలు నిరాధారమైనవి కావు. ప్రమాదమంతా మానే తీరులో ఉంది. కీళ్లనొప్పులకని అమ్మే కొన్ని పేరులేని పొడులలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. తాము స్టెరాయిడ్ వాడుతున్నట్లే ఎరుగని అటువంటివారు ఆ పొడి ఆపి ఆసుపత్రి చేరితే కారణం వెంటనే తట్టదు.

గ్రంథి పూర్తిగా కోలుకునేవరకు జ్వరం వచ్చినప్పుడు వైద్యుడు చెప్పినట్లు మోతాదును తాత్కాలికంగా పెంచుకోవాలి. పన్ను తీయించుకోవడానికి వెళ్లినా స్టెరాయిడ్ వాడిన సంగతి చెప్పాలి. వాంతులతో బిళ్ల కడుపులో నిలవకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ పెద్దవారికి మొదట ఇచ్చేది 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్. స్పృహ తప్పిన రోగి ఆ సంగతి చెప్పలేడు కనుక, వాడుతున్న మందు పేరు, మోతాదు రాసిన చీటీ అతని జేబులో ఉండాలి.