15 శాతం తగ్గిస్తే పెళ్లిళ్లు రెట్టింపు కావాలి

2024 నవంబరులో పది గ్రాముల మేలిమి బంగారం 78 వేల రూపాయల చుట్టుపక్కల ఉంది. ఏడాది తిరిగేసరికి లక్షా 20 వేలు దాటింది. పిల్లకి పది కాసులు, అంటే 80 గ్రాములు పెట్టాలనుకున్న ఇంటికి ఈ ఒక్క ఏడాదిలో 3 లక్షలకు పైగా అదనపు ఖర్చు వచ్చి పడింది. ఆ డబ్బు ఎక్కడినుంచి తేవాలి? బంగారం తగ్గిస్తే వియ్యాలవారి దగ్గర మాట పడాలి. విందులో ఒక స్వీటు తగ్గినా ఊరంతా చెప్పుకుంటుంది. ఇక మిగిలింది డెకరేషన్, ఫొటోలు, బ్యాండు. కోత పడేది అక్కడే. ఈ లెక్కలన్నీ ఆ కోత భరించాల్సిన చిన్న డెకరేషన్ వ్యాపారి కోసం.

ముందు పెద్ద అంకెలు చూద్దాం. అఖిల భారత వర్తకుల సమాఖ్య (సీఏఐటీ) ఏటా కార్తీక, మార్గశిరాల పెళ్లి సీజన్‌కు ముందు దేశం మొత్తానికి ఒక అంచనా ప్రకటిస్తుంది. 2023లో 38 లక్షల పెళ్లిళ్లు, 4.74 లక్షల కోట్ల వ్యాపారం అంది. 2024లో 48 లక్షల పెళ్లిళ్లు, 5.9 లక్షల కోట్లు. 2025లో 46 లక్షల పెళ్లిళ్లు, 6.5 లక్షల కోట్లు. ఇవి వర్తకులు చెప్పే అంచనాలే తప్ప జనగణన లెక్కలు కావు. కాబట్టి చిటికెడు అనుమానం కలుపుకునే చదవాలి. అయినా భాగించి చూస్తే సంగతి తెలుస్తుంది. ఒక్కో పెళ్లికి సగటున 2024లో సుమారు 12.3 లక్షలు, 2025లో 14.1 లక్షలు. అంటే పెళ్లిళ్లు 4 శాతం తగ్గాయి, ఖర్చు మాత్రం 10 శాతం పెరిగింది. పేపర్లో ఈ అంకె చూసి 'పెళ్లి వ్యాపారం జోరు మీద ఉంది' అనుకుంటే పొరపాటు. బంగారం ఒక్కటే ఎంత మింగిందో పైన చూశాం. బిల్లు పెరిగినంత మాత్రాన అందులో మండపం వాటా పెరగదు.

పైగా మన గోదావరి జిల్లాల సంగతి వేరు. 2025 ఆగస్టు 27 నుంచి భారత సరకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. ఆ దెబ్బ ముందుగా తగిలిన వాటిలో రొయ్య ఒకటి. తర్వాత సుంకాలు ఎటు తిరిగినా, ఆ నెలల్లో భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద బతికే ఇళ్లలో పెళ్లి మాటలు నెమ్మదించడానికి అది చాలు. ఆ ఏడాది జులైలోనే టీసీఎస్ 12 వేల మంది ఉద్యోగులను తగ్గిస్తున్నట్టు చెప్పింది. సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు అమెరికా లక్ష డాలర్ల రుసుము పెట్టింది. రొయ్య, సాఫ్ట్‌వేర్, అమెరికా సంబంధం: గోదావరి జిల్లాల్లో ఆడంబరంగా జరిగే పెళ్లిళ్లలో చాలావాటి వెనకున్న డబ్బు ఈ మూడింటిదే. ఇలాంటప్పుడు పెళ్లి మానేసేవాళ్లు తక్కువ. 'చూద్దాం లెండి, ఇంకా టైముంది కదా' అనేవాళ్లే ఎక్కువ.

ఆ 'చూద్దాం' వినగానే వ్యాపారి నోటినుంచి వచ్చే మొదటి మాట 'పదిహేను శాతం తగ్గిస్తానండీ'. ఇక్కడే కాగితం, పెన్ను తీసుకోవాలి.

లెక్క కోసం తణుకులో ఒక చిన్న దుకాణం అనుకుందాం. ఏడాదికి 24 పెళ్లిళ్లు, సగటు బిల్లు 80 వేలు. మొత్తం 19.2 లక్షలు. పూలు, పనివాళ్లు, లోడింగ్ ఆటో, లైట్లు అన్నీ కలిపి ఒక్కో పెళ్లికి 56 వేలు ఖర్చు. చేతిలో మిగిలేది 24 వేలు, ఏడాదికి 5.76 లక్షలు. గొడౌన్ అద్దె, ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు ఇందులోంచే.

ఇప్పుడు 15 శాతం తగ్గించండి. బిల్లు 68 వేలు అవుతుంది. ఖర్చు మాత్రం అదే 56 వేలు, ఎందుకంటే పువ్వులమ్మేవాడు మన డిస్కౌంటు చూసి ధర తగ్గించడు. మిగిలేది 12 వేలు. అంటే పాత 5.76 లక్షలు చూడాలంటే 24 కాదు, 48 పెళ్లిళ్లు చేయాలి.

48 ఎక్కడ దొరుకుతాయి? కిరాణా కొట్టువాడు ధర తగ్గించి రోజంతా ఎక్కువ సరుకు అమ్ముకోవచ్చు. మనకు ఆ వీలు లేదు, పంచాంగం ఒప్పుకోదు. 2024లో ఏప్రిల్ చివరినుంచి జులై మొదటి వారం దాకా మూఢం, వేసవి సీజన్ తుడిచిపెట్టుకుపోయింది. 2025 నవంబరు చివర మొదలైన శుక్ర మౌఢ్యం 2026 ఫిబ్రవరి మధ్య దాకా సాగింది. 2026 మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. ఆషాఢం, పుష్యం ఎలాగూ ఉన్నవే. మంచి ముహూర్తం వచ్చిన రోజున మాత్రం ఊళ్లో ప్రతి హాలూ నిండుతుంది. మన దగ్గర ఉన్నది ఒక్క సెట్టు ఇనుప ఫ్రేములు, ఒక్క జట్టు కుర్రాళ్లు. రాత్రి పదింటికి రిసెప్షన్ స్టేజీ విప్పి, తెల్లవారుజామున నాలుగున్నర ముహూర్తానికి మండపం కట్టే జట్టును అదే రాత్రి మరో ఊరు పంపలేం. పైగా 48 పెళ్లిళ్లకు 68 వేల చొప్పున 32.64 లక్షలు అవుతుంది. సేవల వ్యాపారం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, డెకరేషన్ మీద 18 శాతం వేయాలి. పెళ్లివారికి అది తిరిగి వచ్చే డబ్బు కాదు కాబట్టి తగ్గించిన 15 శాతం అటునుంచి మళ్లీ ఎక్కి కూర్చుంటుంది.

ధర తగ్గించడం కాదు, మండపం చిన్నది చేయాలి. ఈ రెండింటికీ తేడా ఉంది.

అదే దుకాణం 55 వేల ప్యాకేజీ ఒకటి పెట్టిందనుకోండి. ఫొటోల్లో నిత్యం కనబడేవి మూడే చోట్లు: వధూవరులు కూర్చునే పీటల వెనక భాగం, మండపం ముందు స్తంభాలు, గుమ్మం. ఆ మూడింటికీ అసలు బంతి, చామంతి వాడాలి. హాలు పక్క గోడలు, భోజనాల దారి, సెల్ఫీ పాయింటు అన్నీ మన దగ్గరున్న గుడ్డ, పాత ప్లాస్టిక్ తీగలతో సరిపెట్టాలి. ఆర్కిడ్లు, జెర్బెరాలు పూర్తిగా తీసేయాలి. పూలు ఊళ్లో మారుబేరానికి కాకుండా కడియపులంక మార్కెట్‌కు వెళ్లి తెచ్చుకోవాలి. ఖర్చు 36 వేలకు దిగిందనుకుంటే మిగిలేది 19 వేలు. పెళ్లివారికి 25 వేలు కలిసొచ్చింది, మనకు తగ్గింది 5 వేలే. పాత రాబడి కోసం ఇలాంటివి 31 చాలు. వాటి మొత్తం 17.05 లక్షలు, 20 లక్షల గీతకు లోపే. అదే 55 వేల పనికి రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద ఈవెంట్ సంస్థ అదనంగా 9,900 పన్ను వేయాలి. ఈ తేడాను కస్టమర్‌కు నోటితో చెప్పండి, సిగ్గుపడక్కర్లేదు.

ఇక ప్రచారం. లగ్నపత్రిక రాసుకున్నాక ఎక్కువమంది ముందుగా పరుగెత్తేది హాలుకే. తర్వాత వంటవాళ్లు, ఫొటోగ్రాఫరు. డెకరేషన్ ఆఖరున గుర్తొస్తుంది. కాబట్టి తేదీ అందరికంటే ముందు తెలిసేది ఫంక్షన్ హాలు మేనేజరుకి, పురోహితుడికి. ఇన్‌స్టాగ్రామ్ రీలు అందంగా ఉంటుంది, కాని అది చూసి 'సూపర్' అన్నవాళ్లలో సగం మంది మన జిల్లా వాళ్లే కాకపోవచ్చు. రీలు కోసం 10 వేలు పెడితే 2 పెళ్లిళ్లు వచ్చాయనుకోండి, ఒక్కోదానికి 5 వేలు. హాలు మేనేజరుకి బిల్లులో 5 శాతం ఇస్తే 55 వేల మీద 2,750, అదీ పని వచ్చాకే. ఏది మేలో తెలియాలంటే ఒక నోటుబుక్కులో ప్రతి ఫోనుకూ ఎదురుగా 'మా నంబరు ఎవరిచ్చారు' అన్న గడి ఉండాలి. ఈ పని చాలామంది చేయరు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి పట్టరు. అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. పెళ్లి అయిన మర్నాడు మండపం ఫొటోలు పంపేటప్పుడే 'నంబరు సేవ్ చేసుకోండి అమ్మా, బారసాలకు కూడా వస్తాం' అని అడిగితే సరిపోతుంది. బారసాల, సీమంతం, అన్నప్రాశన మూఢంలో కూడా జరుగుతాయి. ఖాళీ నెలల్లో 12 వేల ఉయ్యాల అలంకరణలు నాలుగు దొరికితే గొడౌన్ అద్దె గడుస్తుంది.

ఆఖరిది అడ్వాన్సు. 2016 నవంబరులో నోట్లు రద్దయినప్పుడు పెళ్లి ఇంటికి బ్యాంకు ఇవ్వగలిగింది 2.5 లక్షలు, అదీ ఎవరికి చెల్లిస్తారో రాసిచ్చాకే. 2020లో లాక్‌డౌన్ కాలంలో పెళ్లికి 50 మందికి మించకూడదన్నారు. రెండు సార్లూ ఎక్కువగా మునిగింది నోటిమాట మీద తేదీ ఇచ్చి, పూలకు ముందే డబ్బు కట్టినవాళ్లు. తలంబ్రాలు పడ్డాక బాకీ అడగడానికి వెళ్తే పెళ్లికూతురి తండ్రి హఠాత్తుగా బిజీ అయిపోతాడు, ఇది ఏ కాలంలోనూ మారని సూత్రం. అందుకని కొటేషన్‌లో ఏమేం ఇస్తారో, ఏవి ఇవ్వరో వాట్సాప్‌లో రాసి పంపండి. అది వారం రోజులే చెల్లుతుందనండి. 20 శాతం చేతికొచ్చాకే తేదీ రాసుకోండి, పది రోజుల ముందు సగం, ముందురోజు సాయంత్రం లైట్లు వేసేలోపు మిగతాది తీసుకోండి. ఆ షరతులకు ఒప్పుకోని పెళ్లిని పక్క దుకాణానికి వదిలేయండి.