జేక్వెరీతో మొదలుపెట్టాలా? నేనైతే వద్దంటాను

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి బీటెక్ తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, వెబ్ కోర్సుల ముందు జేక్వెరీ చెప్తరట, చేరమంటవా?"

ముందు అదెందుకు పుట్టిందో చూడండి. 2006లో జాన్ రెసిగ్ ఈ లైబ్రరీ తెచ్చినప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో నడిచిన కోడ్ ఫైర్‌ఫాక్స్‌లో నడిచేది కాదు. ఆ తలనొప్పికి మందు జేక్వెరీ. ఇప్పుడు తలనొప్పే లేదు. ఎక్స్‌ప్లోరర్‌ని మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో పక్కన పెట్టేసింది. క్వెరీసెలెక్టర్, ఫెచ్ లాంటివి బ్రౌజర్‌లోనే ఉన్నాయి. బూట్‌స్ట్రాప్ కూడా 2021లో ఐదో వెర్షన్‌తో జేక్వెరీని వదిలేసింది.

అసలు చిక్కు వేరే ఉంది. డాలర్ గుర్తుతో మొదలుపెట్టినవాళ్లకి ఏది జావాస్క్రిప్టో, ఏది జేక్వెరీయో తేడా తెలీదు. రియాక్ట్ దగ్గరికి రాగానే ఆగిపోతారు. అక్కడ పేజీని మనం నేరుగా మార్చం, డేటా మారిస్తే పేజీ దానంతటదే మారుతుంది. పాత అలవాటు అడ్డొస్తుంది.

అట్లని జేక్వెరీని తీసిపారేయొద్దు. సిరిసిల్లలో ఏ చీరల షాపువాళ్లో తమ వర్డ్‌ప్రెస్ సైట్ బాగుచేయమన్నారనుకోండి, లోపల కనిపించేది అదే. మీ మొదటి సంపాదన అక్కడే దొరకొచ్చు. జావాస్క్రిప్ట్ గట్టిగా వచ్చినోళ్లకి అది వారం పని. (పీహెచ్‌పీ కథ వేరు, అది సర్వర్‌లో నడిచేది. వర్డ్‌ప్రెస్ పని కావాలంటే అదీ తప్పదు.)

ఫీజు కట్టేముందు సిలబస్ అడగండి. ఫంక్షన్లు, అర్రేలు, డామ్, ఫెచ్ ముందుంటే సరే. మొదటి నెలంతా జేక్వెరీయే అయితే ఆ డబ్బుతో ల్యాప్‌టాప్‌కి ర్యామ్ వేయించుకోండి. ఎండీఎన్‌లో జావాస్క్రిప్ట్ పాఠాలు ఎలాగూ ఫ్రీనే.